తొలి చాట వడ్లు

“చెల్లే... ఈ ఏడు మన మంద మీ మడిలకు రాదు!”

మల్లేష్ ఆ ఒక్క మాట అనేసి, ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా చెంబును అరుగు మీద పెట్టేశాడు. వాకిట్లో కూర్చుని జీలుగ విత్తనాలు చెరుగుతున్న గోపిక చేతిలో చాట అలాగే ఆగిపోయింది. అది రెండు వేల ఎనిమిది, ఏప్రిల్ నెల. కోతలు అయిపోయి మళ్లన్నీ ఖాళీగా పడి ఉన్నాయి. మాడుగులపల్లి చుట్టుపక్కల రైతులంతా గొర్ల మందల కోసం దారులు చూసే రోజులు. అలాంటి రోజుల్లో సొంత అన్న, నిడమనూరు అవతల నుంచి ఎండలో బండి మీద వచ్చి, చెల్లెలి ముఖం చూడలేక నేల చూస్తూ ఆ మాట చెబుతున్నాడు!

“ఎందుకు రాదన్నా? జీవాలకు రోగమేమన్న వచ్చిందా?”

“జీవాలు మంచిగనే ఉన్నయి.”

“మరి?”

“మీ వదిన... వద్దంటున్నది.”

మంచం మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్న మామ లక్ష్మయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు గోపికకు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

“ఇన్నవా నాగేందరూ! నీ పెండ్లాం ఎవుసాన్ని ఆమె తల్లిగారే నమ్ముతలేరు. ఇగ మనం నమ్మాల్నట!”

“నువ్వూకో నాయినా. బావ ఇంటికొచ్చిండు,” అన్నాడు నాగేందర్.

“ఎందుకూకోవాలె? మూడు పంటలు ఓపిక పట్టు మామా అన్నది. పట్టిన. రెండైనయి. మూడోదానికి మందే లేదాయె! ఇగ ఖతం. రోహిణి కార్తెకు ముందే నేను మిర్యాలగూడ పోయి శేటుతోని మాట్లాడొస్త. యూరియా కట్టలు తెస్త, పురుగు మందు తెస్త. డబ్బ ఎత్తుకొని కొట్టుడు నీ పని. తెలిసిందా?”

డబ్బ! మందు కొట్టే ఆ డబ్బ...

మూడేళ్ల కిందట, వరి పొట్ట మీద ఉన్నప్పుడు, ఆ మందు డబ్బా వీపున వేసుకుని పోయిన నాగేందర్ మళ్లీ నడిచి ఇంటికి రాలేదు. ఒడ్డు మీద బోర్లా పడి ఉన్నవాణ్ని పక్క మడి పౌలు చూసి కేకలు పెడితే, నలుగురూ ట్రాక్టర్ మీద వేసుకుని మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. నోట్లో నురగ, ముడుచుకున్న చేతులు... గోపిక ఆ ట్రాక్టర్‌లో భర్త తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పటి బాధ ఎవరికి చెప్పుకున్నా తీరేది కాదు. బతికి బయటపడ్డాడు. కానీ పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు: “అమ్మా, ఇతని ఒంట్లోకి ఆ మందు మళ్లీ పోవద్దు. పోతే నా దగ్గరికి తేవడం కూడా దండగే!”

ఆ రోజే ఆమె గట్టిగా అనుకుంది. మందు లేని సేద్యం చేయాలని! మహిళా సంఘంలో చెప్పిన పద్ధతులన్నీ నేర్చుకుంది. వేపగింజల కషాయం కాచింది. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి జీవామృతం తిప్పింది. దుక్కికి ముందు జీలుగ చల్లి, పూత మీద ఉండగా పచ్చి ఎరువుగా మట్టిలో కలిసేలా దున్నించింది. అయితే ఏళ్ల తరబడి కట్టల మీదే బతికిన రెండెకరాల పొలం అది. పెచ్చులు పెచ్చులుగా పగిలేదే తప్ప, పిడికిట పట్టుకుంటే జీవం ఉండేది కాదు. దానికి కడుపు నిండా పెట్టాలంటే ఒక్కటే దారి... గొర్ల మంద.

పగలంతా మేసిన మందను పొద్దుగూకే వేళ ఒక మడిలో మలిపి, చుట్టూ వల కడితే, తెల్లారేసరికి ఆ మడి నిండా ఎరువు పడుతుంది. మరునాడు పక్క మడి. అలా పది రాత్రుల్లో రెండెకరాలు తిరిగొస్తుంది. రైతు రాత్రికి ఇంత అని వడ్లు కొలవాలి. రెండు వందల జీవాలున్న మందకైతే అర బస్తా. అంతేకాదు, మంద మడిలో కాలు పెట్టే మొదటి సాయంత్రం రైతు ఇంటి ఇల్లాలు పొట్టేలు నొసట పసుపు పెట్టి, ఒక చాట వడ్లు తెచ్చి, కాపరి ఇంటి ఆడమనిషి కొంగులో పోస్తుంది. దాన్నే తొలి చాట అంటారు. ఆ చాట పడ్డాకే మంద కూర్చుంటుంది. గోపిక గొర్లోళ్ల ఇంట పుట్టింది కాబట్టి ఆమెకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. చిన్నప్పుడు తల్లి లక్ష్మీనర్సమ్మ ఎందరి వాకిళ్లలోనో కొంగు పట్టడం ఆమె కళ్లారా చూసింది.

నాగేందర్ దవాఖాన నుంచి వచ్చిన తర్వాతి వేసవిలో తండ్రి బీరయ్య తనంతట తానే మందను తోలుకొచ్చాడు. “నా అల్లుని పానం కంటె వడ్లెక్కువ కాదు బిడ్డా. మూడేండ్లు నా మంద నీ మడిల పండుకుంటది. గింజ అడగ,” అన్నాడు. గోపిక తొలి చాట తేబోతే నవ్వి ఆపేశాడు. “మనకు మనకేందే పిచ్చిదానా!” ఆ చలికాలమే బీరయ్య పోయాడు. రెండో వేసవిలో మల్లేష్ ఆ మాట నిలబెట్టాడు. అప్పుడూ చాట తీయలేదు. తల్లిగారికి చాటేమిటి?

మరి ఇప్పుడు... సచ్చిపోయిన నాయిన మాటను వదిన కాళ్ల కింద వేసి తొక్కుతుందా!

“అన్నా, పద. నేనూ వస్తున్న. మా వదిన ముఖం మీదనే అడుగుత!”

“జర ఆగు చెల్లె... నువ్వు పరేషాన్ చెయ్యకు. ఇంట్ల ఆల్రెడీ మంచిగ లేదు...”

గోపిక వినలేదు. చాట పక్కన పడేసి, కాళ్లకు చెప్పులు వేసుకుంది.

* * *

వదిన స్వరూపది కోదాడ దగ్గరి ఊరు. ఆమె మాటలో ఆంధ్రా యాస ఉంటుందని పెళ్లైన కొత్తలో గోపికే ఎక్కిరించేది. “ఏంటండీ వదినగారూ” అని దీర్ఘాలు తీసేది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. అందుకే ఇప్పుడు ఇంత మంట!

గోపిక పుట్టింట్లో అడుగుపెట్టేసరికి స్వరూప పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆడబిడ్డను చూసి లేవలేదు. పక్కకు జరిగి పీట మాత్రం తోసింది.

“కూర్చో. మంచినీళ్లు తాగు.”

“నీళ్లు తాగనీకి రాలే వదినా. మా నాయిన మాట ఇచ్చిండు మూడేండ్లని. ఆయన పోయినా మాట పోదు. ఆయన మందను ఆపనీకి నువ్వెవరు?”

“నేనెవర్నో నాకూ తెలియట్లేదు గోపికా. అందుకే ఆపాను.”

“తిప్పి తిప్పి మాట్లాడకు! నా మొగని పానం సంగతి నీకు తెల్వదా? మంద రాకపోతే మా మామ మళ్ల మందు తెస్తడు. ఆయనకు డబ్బ ఎత్తుతడు. నీకు కనికరం లేదా? నేను నాలుగు గింజలు పండిచ్చుకొని నలుగుర్ల నిలబడితె... కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవా?”

 తల్లి లక్ష్మీనర్సమ్మ లోపలి నుంచి “ఓయమ్మో... గదేం మాటే!” అని బయటికి వచ్చింది. స్వరూప మాత్రం పొయ్యిలో కట్టె ముందుకు తోసి, నెమ్మదిగా అంది.

“నలుగురిలో నిలబడ్డావు కదా... చూశాను. సూర్యాపేటలో.”

“సూర్యాపేటల?”

“ఫిబ్రవరిలో సంఘాల మీటింగ్ పెట్టారే, ఫంక్షన్ హాల్లో. మా ఊరి సంఘం నుంచి నేనూ వచ్చాను. మూడో వరుసలో కూర్చున్నాను. నీ పేరు పిలవగానే పక్కనున్న వాళ్లందరికీ చెప్పాను, మా ఆడబిడ్డ, మా ఆడబిడ్డ అని. చప్పట్లు కొట్టి కొట్టి చేతులు మండాయి. నువ్వు మైకు పట్టుకుని ఏం చెప్పావో గుర్తుందా?”

గోపికకు గుర్తులేకేం? గుర్తుంది. ఎన్నిసార్లు తలుచుకుని మురిసిపోయిందో! “అక్కలారా, చెల్లెళ్లారా, నా రెండెకరాలకు ఎరువు ఖర్చు ఒక్క రూపాయి కాలే. పోయిన పంటకు నలభై ఆరు బస్తాలు తీసిన. వచ్చిందంత మిగులే!” అంది. హాలంతా చప్పట్లతో మోగిపోయింది.

“ఒక్క రూపాయి కాలేదన్నావు,” అంది స్వరూప. “పక్కనున్నామె నన్ను అడిగింది, అట్లెట్లా అక్కా, మందకు వడ్లు ఇయ్యలేదా అని. ఏం చెప్పను? ఆ వడ్లు మా పిల్లల పళ్లెంలోవి అని చెప్పనా? నా ఆడబిడ్డను పదిమందిలో అబద్ధాలకోరును చెయ్యనా? తలొంచుకుని కూర్చున్నాను... వడ్లు ఇయ్యలేదని కాదు గోపికా. మేము ఇచ్చిన సంగతే నీ లెక్కలో లేదు. మేమే లేము!”

అంతే. ఆమె లేచి, తట్ట తీసుకుని, దొడ్డి వైపు పోయింది. పోతుంటే గోపిక చూపు ఆమె పాదాల మీద పడింది. వేళ్ల సందులన్నీ తెల్లగా ఒరిసిపోయి, గోళ్లు నల్లబడి ఉన్నాయి. అవి గొర్లు కాసే ఇంటి ఆడదాని పాదాలు కావు... నెలల తరబడి బురదలో నానిన పాదాలు!

“అమ్మా... వదిన కాళ్లేంది గట్లున్నయి?”

 లక్ష్మీనర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. గోపికకు ఎదురుగా కాదు, గోడను చూస్తూ చెప్పింది.

“ఎండకాలం మంద వడ్లే మనకు వానకాలం బువ్వ బిడ్డా. నీకు తెల్వందా? కోతల ఎనుక రెండు నెలలే మందకు గిరాకి. గా రెండు నెలల్ల పది రాత్రులు నీ మడిల పెడితె, గా పది రాత్రుల వడ్లు ఇంటికి రాలే. రానుపోను దారిల ఇంకో నాలుగు రాత్రులు పోయినయి. మీ నాయిన ఉన్నన్నాళ్లు ఎట్లనో సర్దిండు. పోయినంక ఆయన దినాలకు ఇరవై గొర్లను సంతల అమ్మితిమి. మంద చిన్నగైతే వడ్లు చిన్నగనే అయితయి గదా! శ్రావణం వచ్చేసరికి ఇంట్ల బియ్యం లేవు. మల్లేష్‌గాడు నిన్ను అడుగుత అన్నడు. అడగొద్దన్నది మీ వదిననే.”

“వదిననా...?”

“ఆమెనే. ఆడబిడ్డ మొగడు సావు తప్పి బయటపడ్డడు, ఇప్పుడు గింజలు అడిగితె పాపం తగుల్తది అన్నది. మిర్యాలగూడ దిక్కు నాటేసేటోళ్ల ముఠాల కలిసింది. మనింట్ల ఏ ఆడది కూలికి పోయింది చెప్పు? మీ నాయిన ఉంటే పోనిచ్చునా? రెండు నాట్ల కాలాలు పోయింది బిడ్డా. తెచ్చిన కూలితోని బియ్యం కొన్నది. నీకు చెప్పొద్దని నా చెయ్యిల చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నది. ఇగో... ఈ ఒట్టు నేను ఇయ్యాల తప్పిన!”

గోపిక ఆ పీట మీద కూర్చుంది. కళ్ల ముందు ఆ సూర్యాపేట హాలు తిరిగింది. తాను మైకు ముందు మెడ నిటారుగా పెట్టి నిలబడడం... మూడో వరుసలో ఒక తల నెమ్మదిగా వంగిపోవడం... అయ్యో! ఎరువుల దుకాణంలో కొన్నదే ఖర్చు అనుకున్నానే! అమ్మగారింటి నుంచి వచ్చిన దానికి విలువ కట్టకపోవడం ప్రేమ అనుకున్నానే! అది ఎవరి కంచంలో నుంచి వచ్చిందో ఒక్కనాడూ అడగలేదే...

దొడ్డిలో స్వరూప గొర్ల పిల్లలకు నీళ్లు పెడుతోంది. గోపిక వెనకాలే పోయి నిలబడింది. ఏడుస్తూనే “వదినా” అని మాత్రం అనగలిగింది.

“ఏడవకు. బస్సు టైమైంది,” అంది స్వరూప, వెనక్కి తిరగకుండానే. “మంద రేపో ఎల్లుండో మిర్యాలగూడ వైపు పోతుంది. అక్కడి రైతులు వడ్లు ముందే ఇస్తామన్నారు. నాకు ఈ ఏడు నాట్లకు పోయే ఓపిక లేదు.”

“పోవద్దు వదినా. నువ్వు పోవద్దు... మందను ఒక్క రెండు దినాలు ఆపు. అంతే అడుగుత.”

స్వరూప ఇంకో పిల్లను నీళ్ల దగ్గరికి జరిపింది. కాదని మాత్రం అనలేదు.

* * *

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. లక్ష్మయ్య భోంచేస్తున్నాడు. అత్త సక్కుబాయి ముద్ద మీద పచ్చిపులుసు పోస్తోంది. గోపిక గడప దగ్గరే నిలబడింది.

“మామా, నేను మీకు తప్పు లెక్క చెప్పిన.”

“ఏం లెక్క?”

“ఎరువుకు రూపాయి కాలేదన్నది తప్పు. మందకు పది రాత్రులు. రాత్రికి అర బస్తా. అయిదు బస్తాలు మా వదిన పెట్టింది. నేను పెట్టలే. నలభై ఆరుల ఆ అయిదు తీసేస్తే నలభై ఒకటే నా పంట.”

లక్ష్మయ్య నోటి దాకా వచ్చిన ముద్ద ఆపాడు. ఎడమ చేతి వేళ్లు మడిచి లెక్క కట్టాడు. అతను బడికి పోలేదు గానీ బస్తాల లెక్కలో అతన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

“కట్టలేసినప్పుడు యాభై ఆరు పండేది. శేటుకు పన్నెండు బస్తాల పైకం పోయేది. మిగిలేది నలభై నాలుగు. అంటే... నీ ఎవుసంల మూడు బస్తాలు తక్కువచ్చినయి!”

“అవును మామా.”

“నువ్వు ఓడినట్టే గదా!”

“అవును.”

నాగేందర్ తలెత్తి భార్యను చూశాడు. ఇన్నాళ్లూ తండ్రితో తన తరఫున వాదించిన మనిషి, తన కోసమే ఈ సేద్యం పట్టుకున్న మనిషి, చేతులారా ఓడిపోయానని ఒప్పుకుంటోంది! “గోపికా, ఎందుకు చెప్పినవ్? ఆ అయిదు బస్తాలు నేనే ఎట్లనో...” అంటుంటే ఆమె చేయెత్తి ఆపింది.

“చెప్పకపోతే మళ్ల మా వదిన బురదల దిగాలె. నువ్వు డబ్బ ఎత్తొద్దని నేను ఆమెను బురదల దింపిన. నాకు తెల్వకుంటనే దింపిన. ఇగ చాలు.”

 అప్పుడు, ఆ ఇంట్లో లెక్కల ఊసు వచ్చినప్పుడల్లా వంటింట్లోకి పోయే సక్కుబాయి, పులుసు గిన్నె కింద పెట్టి భర్త ముందే చతికిలబడింది.

“నీ లెక్క కూడ సక్కగ చెప్పు మరి.”

“నా లెక్కకేమైంది?”

“శేటు దగ్గర కట్టలు అప్పుకు తెచ్చినప్పుడు వడ్డీ పడలేదా? అప్పున్నదని కల్లంలనే అగ్గువకు వడ్లు తూకమేసుకపోలేదా? గవి పన్నెండు బస్తాలల్ల ఉన్నయా? ఇగ పిలగాడు దవాఖానల పడ్డప్పుడు రెండు ఎడ్లు అమ్మితివి. గా ఎడ్లు ఏ లెక్కల రాసినవ్?”

“దవాఖాన లెక్క ఎవుసం లెక్కల కలుపుతరానే, అన్యాలం!”

“మరి పిలగాడు ఏడ పడ్డడు? సినిమా హాల్ల పడ్డడా?”

నాగేందర్‌కు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. లక్ష్మయ్యకు కోపం వచ్చింది. ముద్ద తినేసి, చేయి కడుక్కుని, బయటికి పోయి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. 

తెల్లవారి గోపిక వాకిలి ఊడ్చేసరికి మామ మంచం ఖాళీగా ఉంది. మిర్యాలగూడ పోయాడేమో! గబగబా ఊరి అంచు దాకా నడిచి చూస్తే... లక్ష్మయ్య మడిలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక మట్టి పెళ్ల చేతిలోకి తీసుకుని నలుపుతున్నాడు. అది ముందటిలా రాయిలా లేదు. వేళ్ల మధ్య చిట్లి, పొడి పొడిగా రాలుతోంది. పక్కనే పౌలు మడిలోంచి కూడా ఒక పెళ్ల తెచ్చుకున్నాడు. అది రెండు చేతులతో విరిచినా విరగడం లేదు. కోడలి అడుగుల చప్పుడు విని, రెండూ పారేసి, చేతులు దులుపుకున్నాడు.

“ఏం జూస్తున్నవ్? నేనేం మెచ్చుకుంటలేను,” అన్నాడు. “మూడు బస్తాలు తక్కువ తక్కువే. కాని మాటంటే మాట. మూడో పంట బాకీ ఉన్నది. ఇగ మంద ఉత్తగ రావొద్దు. గుమ్మిలకెల్లి అయిదు బస్తాలు తీయి. పైసలు పెట్టి కట్టలు కొంటే కొన్నట్టు, మందను గూడ కొను. అప్పుడు ఎంత మిగుల్తదో సూద్దాం. అప్పుడే అది లెక్క.”

“గుమ్మిల వడ్లు తీస్తే శ్రావణంల మన తిండికి తక్కువ పడ్తయి మామా...”

“పడనీ. ఇన్నొద్దులు ఎవరికో పడ్డయి గదా! ఒక్క ఏడు మనం గట్క తాగుదాం. సావం.” నాలుగడుగులు వేసి ఆగాడు. “గా పాత పది బస్తాలు గూడ ఇస్తమని మీ అన్నకు చెప్పు. పంట పంటకు కొన్ని కొన్ని. ఆడబిడ్డ ఇంటోళ్లం, మనం ముఖం ఎట్ల సూపిస్తం!”

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు పెద్దగానే ఉంది గానీ, ముఖం మాత్రం అటువైపే ఉంది. గోపిక ఒంగి మామ కాళ్లకు దండం పెట్టబోతే, “మడిల కాళ్లు పట్టుకోకు, బురదైతది,” అంటూ పోయాడు. ఏప్రిల్ నెలలో, ఎండిన మడిలో బురదెక్కడిది!

* * *

గోపిక అన్నకు కబురు పంపింది. రెండో రోజు పొద్దు వాలుతుండగా కాలువ కట్ట మీద దుమ్ము లేచింది. ముందు పొట్టేలు, వెనక మంద, దాని వెనక కర్ర పట్టుకుని మల్లేష్, అందరికంటే వెనకగా నెత్తి మీద వల మూటతో స్వరూప. ఆమె వస్తుందని గోపిక అనుకోలేదు. మంద వెంట ఆడవాళ్లు రావడం, తొలి చాట పట్టేందుకే.

గోపిక అప్పటికే మడి మొదట్లో నిలబడి ఉంది. తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. పొట్టేలు దగ్గరికి రాగానే కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసి, నొసట పసుపు పెట్టింది. తర్వాత ఒడ్డు మీద పెట్టిన చాటను రెండు చేతులతో ఎత్తుకుంది. నిండా వడ్లు. తన మడిలో, మందు లేకుండా పండిన వడ్లు. 

“కొంగు పట్టు వదినా...”

స్వరూప నెత్తి మీది మూట దింపింది. కొంగు పట్టలేదు. ఆ చాటను, దాని వెనకాల ఒడ్డు మీద వరసగా పెట్టిన అయిదు బస్తాలను, అవతల దూరంగా తుమ్మ చెట్టు నీడన మాకేం సంబంధం లేదన్నట్టు నిలబడ్డ లక్ష్మయ్యను చూసింది.

“పాతవి కూడా ఇస్తానన్నాడట కదా మీ మామ. మీ అన్న చెప్పాడు.”

“ఇస్తం వదినా. పది బస్తాలు. జర ఆలస్యమైతది గని...”

“వద్దు.”

“వదినా! ఇంక కోపం పోలేదా? నేను అన్నది పాపపు మాట. నిన్ను... నిన్ను పట్టుకొని కండ్లల్ల నిప్పులని... నా నోరు పడిపోను!”

“నోరు పడిపోతే సూర్యాపేటలో మళ్లీ ఎవరు చెప్తారు?” అంది స్వరూప. కళ్ల నిండా నీళ్లున్నాయి, పెదవి మీద మాత్రం పాత రోజుల ఎక్కిరింపు తొంగి చూసింది. “విను. మామయ్య ఉన్నప్పుడు పెట్టింది, పోయిన ఏడు పెట్టింది... అది ఆడపిల్లకు పెట్టాము. దానికి వడ్లు తీసుకుంటే ఆయన పెట్టింది పోతుంది. అది అట్లాగే ఉండనీ. ఈ ఏడుది రైతుకు పెడుతున్నాము. దీనికి తీసుకుంటాము. తూకంలో ఒక్క గింజ తగ్గినా ఊరుకోను!”

గోపిక ఇక ఆపుకోలేకపోయింది. చాట పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది. గింజలు జలజలా అంచు మీంచి రాలుతున్నాయి.

“అయ్యో, ఒలకబోస్తున్నావు పిచ్చిదానా! జాగ్రత్త...” అంటూ స్వరూప ముందుకొచ్చి, నడుముకు దోపిన చెంగు లాగి, రెండు చేతులా పట్టింది.

తొలి చాట పడింది. మల్లేష్ ‘హూయ్’ అని అదిలించగానే మంద మడిలోకి దిగింది. ఒక్కొక్కటే మట్టిని వాసన చూసి, ముందుకాళ్లు మడిచి కూర్చోసాగింది. ఒడ్డు మీద సక్కుబాయి తెచ్చిన సత్తు గిన్నెలో సద్ద రొట్టెలు, పప్పుచారు ఉన్నాయి. స్వరూప కొంగులోని వడ్లు మూట కట్టి పక్కన పెట్టుకుని, చెప్పులు విడిచి, పాదాలు మడి మట్టిలో పెట్టి కూర్చుంది.

“మెత్తగా ఉందే నీ మన్ను!” అంది.

“నీదే వదినా,” అంది గోపిక.

“నాదైతే రొట్టె ఇంత చిన్నగా వేస్తావా? ఇంకోటి వెయ్యి.”

గోపిక కన్నీళ్లు తుడుచుకుని, ఇంకో రొట్టె వేసింది.